ఇన్‌టేక్ రన్నర్ పొడవును ఎలా నిర్ణయించాలి: 373 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్‌తో ఫార్ములా స్టూడెంట్ కారు కట్టేవారికి

గాలి నిల్వ ఉండే ప్లీనం గదికీ ఇన్‌టేక్ వాల్వుకూ మధ్య గాలి ప్రయాణించే గొట్టాన్ని రన్నర్ అంటారు. దాని పొడవు సరిగ్గా కుదిరితే, వాల్వు మూసుకోబోయే సమయానికి ఒక పీడన తరంగం అక్కడికి చేరుకుని, పిస్టన్ తనంతట తాను పీల్చుకోగలిగిన దానికన్నా ఎక్కువ గాలిని సిలిండర్‌లోకి నెడుతుంది. ఈ లాభం అన్ని ఆర్‌పీఎంల దగ్గరా దక్కేది కాదు. ఒకచోట టార్క్ పెరిగితే మరొకచోట తగ్గి తీరుతుంది. అందుచేత రన్నర్ పొడవును నిర్ణయించేటప్పుడు మీ కారు ఎక్కువ సేపు ఏ ఆర్‌పీఎంల మధ్య నడుస్తుందో ముందుగా తెలుసుకుని, టార్క్‌ను అక్కడికి చేర్చాలి. గరిష్ఠ హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూసి పొడవు ఖరారు చేస్తే, ఆ అంకె డైనో (ఇంజిన్ టార్క్, పవర్ కొలిచే యంత్రం) కాగితం మీద బాగుంటుంది గాని మలుపు దాటి బయటికి వచ్చే చోట కారు నీరసిస్తుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది మొదటి తరం కేటీఎం 390 డ్యూక్ ఇంజిన్. పుణె దగ్గరి చాకన్‌లో బజాజ్ కర్మాగారంలో తయారైన ఈ సింగిల్ సిలిండర్ ఇంజిన్ బోర్ 89 మి.మీ., స్ట్రోక్ 60 మి.మీ., సామర్థ్యం 373.2 సీసీ. కోయంబత్తూరు దగ్గరి కరి మోటర్ స్పీడ్‌వేలో జరిగే, విద్యార్థులు తామే కట్టిన రేసు కార్లతో పాల్గొనే ఫార్ములా భారత్ పోటీకి తయారయ్యే జట్లకు, ఆంధ్ర, తెలంగాణ ఇంజినీరింగ్ కళాశాలల జట్లతో సహా, ఇది బాగా పరిచయమున్న ఇంజిన్. తేలిగ్గా దొరుకుతుంది, విడిభాగాలకు కొరత లేదు. మీ ఇంజిన్ వేరే అయినా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మారుతాయి.

కారు ఎక్కడ నడుస్తోందో చూడండి

మొదట చేయవలసిన పని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) నుంచి లాగ్ తీయడం. పాత ఇన్‌టేక్‌తోనే, లేదా గత ఏడాది కారుతోనే, కోన్లు పెట్టి ఆటోక్రాస్ లాంటి ట్రాక్ ఒకటి వేసి, అలవాటున్న డ్రైవర్ చేత నడిపించండి. థ్రాటిల్ 80 శాతానికి పైగా తెరిచి ఉన్న సమయాన్ని మాత్రమే వేరుచేసి, ప్రతి 500 ఆర్‌పీఎం విభాగంలో ఇంజిన్ ఎన్ని సెకన్లు గడిపిందో లెక్కకట్టండి. థ్రాటిల్ సగం మూసి ఉన్నప్పుడు రన్నర్ పొడవు వల్ల వచ్చే తేడాను డ్రైవర్ కాలు సరిచేసుకుంటుంది కాబట్టి ఆ సమయం మన లెక్కలోకి రానక్కరలేదు.

ఈ పట్టికే మిగతా పనికంతటికీ ఆధారం. పోటీలోని విభాగాలలో ఎండ్యూరెన్స్ 22 కిలోమీటర్లు, యాక్సిలరేషన్ 75 మీటర్లు. ఈ రెండింటికీ కావలసిన టార్క్ వంపు ఒకటి కాదు. యాక్సిలరేషన్‌లో ప్రతి గేరు మార్పుకూ ఇంజిన్ ఎంత కిందికి పడుతుందో గేరు నిష్పత్తులనుంచి తెలుస్తుంది, ఆ పడిన చోటినుంచి తర్వాతి మార్పు వరకు ఉన్న మేరే మీకు ముఖ్యం. నా అభిప్రాయంలో సింగిల్ సిలిండర్ కారుకు ఎండ్యూరెన్స్, ఆటోక్రాస్ లాగులనే ప్రధానంగా తీసుకోవాలి. ఈ రెండింటికీ ఉన్న మార్కుల ముందు యాక్సిలరేషన్‌లో వచ్చే కొద్ది తేడా చిన్నది. మీ పట్టికలో ఎక్కువ సమయం 6500 నుంచి 8500 ఆర్‌పీఎంల మధ్య ఉందనుకుందాం. అప్పుడు లెక్కకు 7500 ఆర్‌పీఎంను లక్ష్యంగా పెట్టుకోవచ్చు.

తరంగం ఎలా పనిచేస్తుందో మనసులో పెట్టుకోండి

ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని పిస్టన్ కిందికి వేగంగా కదులుతున్నప్పుడు, అంటే పైస్థానం దాటి దాదాపు 75 డిగ్రీల దగ్గర, వాల్వు వద్ద పీడనం బాగా పడిపోతుంది. ఈ అల్పపీడనం ఒక తరంగంగా మారి, శబ్దవేగంతో రన్నర్ గుండా వెనక్కి పోతుంది. రన్నర్ అవతలి కొస విశాలమైన ప్లీనంలోకి తెరుచుకుని ఉంటుంది కాబట్టి అక్కడ తరంగం తలకిందులై, అల్పపీడనంగా వెళ్లినది అధికపీడనంగా తిరిగి వాల్వు వైపు వస్తుంది. ఆ రాక పిస్టన్ కింది స్థానం దగ్గరికి వచ్చినప్పటి నుంచి, వాల్వు ఇంకా కొంచెం తెరిచి ఉన్న కాలంలో జరిగితే, పిస్టన్ పైకి లేస్తూ గాలిని వెనక్కి తోసే ప్రయత్నం చేస్తున్నా సిలిండర్ నిండుతూనే ఉంటుంది. ఆలస్యంగా వస్తే మూసిన వాల్వుకు తగిలి వెనుదిరుగుతుంది. మరీ ముందుగా వస్తే దాని బలం అసలు అవసరమైన వేళకు అయిపోతుంది. పొడుగు రన్నర్ తక్కువ ఆర్‌పీఎంకూ పొట్టి రన్నర్ ఎక్కువ ఆర్‌పీఎంకూ సరిపోవడానికి కారణం ఇదే: ఆర్‌పీఎం పెరిగేకొద్దీ వాల్వు మూసుకోవడానికి ఉన్న వ్యవధి తగ్గుతుంది, తరంగం వేగం మాత్రం దాదాపు మారదు.

ఈ సంగతి పరిశ్రమకు చాలాకాలంగా తెలుసు. 1960లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ తన 300ఎఫ్ కారుకు 30 అంగుళాల పొడవైన రన్నర్లు అమర్చి, మధ్య ఆర్‌పీఎంలలో టార్క్ పెంచింది. ఎక్కువ ఆర్‌పీఎం కోరుకున్నవారికి అవే గొట్టాలలో లోపలి గోడలను కొంతమేర తీసివేసి, ప్రభావవంతమైన పొడవును 15 అంగుళాలకు తగ్గించి ఇచ్చింది. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. 1991లో లె మాన్స్ గెలిచిన మాజ్దా 787బి ఇంజిన్‌లో రన్నర్ పొడవు నడుస్తుండగానే ఆర్‌పీఎంను బట్టి మారుతూ ఉండేది. విద్యార్థి జట్టు అంత దూరం వెళ్లనక్కరలేదు. స్థిరమైన పొడవును బాగా ఎంచుకోవడంలోనే మొదటి ఏడాదికి సరిపడా పని ఉంది.

కొలతలు సేకరించండి

లెక్కకు కావలసినవి నాలుగు: వాల్వు సీటు నుంచి సిలిండర్ హెడ్ ముఖం వరకు పోర్టు (హెడ్ లోపలి గాలి దారి) పొడవు, వాల్వు తెరుచుకునే, మూసుకునే కోణాలు, కంప్రెషన్ నిష్పత్తి, రన్నర్‌లో గాలి ఉష్ణోగ్రత.

పోర్టు పొడవును నిలువుగా స్కేలు పెట్టి కొలవకూడదు. మెత్తని తీగను పోర్టు మధ్యరేఖ వెంబడి వంచి, వాల్వు తల దగ్గర ఒక గుర్తు, హెడ్ ముఖం దగ్గర మరొక గుర్తు పెట్టి, బయటికి తీసి చాచి కొలవండి. వాల్వు కోణాలకు క్రాంక్ మీద డిగ్రీ చక్రం బిగించి, వాల్వు మీద డయల్ గేజ్ ఆనించి, 1 మి.మీ. లిఫ్ట్ దగ్గర, అంటే వాల్వు సీటు నుంచి 1 మి.మీ. లేచి ఉన్నప్పుడు, రెండు కోణాలూ రాసుకోండి. వాల్వు పూర్తిగా సీటులో కూర్చునే కోణం కన్నా గాలి నిజంగా ప్రవహించడం ఆగిపోయే కోణమే తరంగం లెక్కకు ఉపయోగపడుతుంది, 1 మి.మీ. లిఫ్ట్ దానికి దగ్గరగా ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే క్యామ్ అంకెలను నమ్మి ముందుకు పోవద్దు. ఏ లిఫ్ట్ దగ్గర కొలిచారో చెప్పని కోణం లెక్కకు పనికిరాదు.

ఉష్ణోగ్రత సంగతి చాలామంది పట్టించుకోరు. శబ్దవేగం కెల్విన్ ఉష్ణోగ్రత వర్గమూలాన్ని బట్టి మారుతుంది: 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు సుమారు 347 మీటర్లు. మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో 42 డిగ్రీల ఎండలో పరీక్షించి, 25 డిగ్రీల చల్లని ఉదయాన కోయంబత్తూరులో పోటీ చేస్తే, శబ్దవేగంలో దాదాపు 2.8 శాతం తేడా వస్తుంది. 7500 ఆర్‌పీఎం దగ్గర అది 200 ఆర్‌పీఎంకు పైగా జరుగుబాటు. పెద్ద ప్రమాదం కాదు గాని, 5 మి.మీ. పొడవు కోసం వాదించుకునే జట్టు ఈ సంగతిని ముందు చూడాలి. పోర్టులో పెట్రోలు ఆవిరవుతూ గాలిని కొంత చల్లబరుస్తుంది కనుక మన ఉదాహరణకు సెకనుకు 345 మీటర్లు తీసుకుందాం.

రెండు విధాలుగా లెక్క వేయండి

మొదటిది తరంగం రాకపోకల లెక్క. తరంగం బయలుదేరినప్పటి నుంచి తిరిగి వచ్చేవరకు క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరగాలో నిర్ణయించుకుని, ఆ డిగ్రీలను శబ్దవేగంతో గుణించి, ఆర్‌పీఎంకు 12 రెట్లతో భాగిస్తే, పొడవు మీటర్లలో వస్తుంది. పిస్టన్ వేగం గరిష్ఠంగా ఉన్న చోట బయలుదేరిన తరంగపు శిఖరం 75 నుంచి 90 డిగ్రీల తర్వాత తిరిగి రావాలని కోరుకుందాం. 7500 ఆర్‌పీఎం దగ్గర ఇది 29 సెం.మీ. నుంచి 34.5 సెం.మీ. వరకు ఇస్తుంది.

రెండవది హెల్మ్‌హోల్ట్జ్ అనునాదం లెక్క. ఇందులో సిలిండర్‌ను ఒక గదిగా, రన్నర్‌ను దాని మెడగా భావిస్తాము. గది పరిమాణంగా స్ట్రోక్ సామర్థ్యంలో సగం, దానికి కంబషన్ గది పరిమాణం కలపాలి. కంప్రెషన్ నిష్పత్తి 12.5 అనుకుంటే మన ఇంజిన్‌కు ఇది సుమారు 219 ఘన సెం.మీ. ముందు రన్నర్ అడ్డుకోత వైశాల్యాన్ని, పొడవు, గది పరిమాణాల లబ్ధంతో భాగించి వర్గమూలం తీయండి, అన్నీ సెంటీమీటర్లలో. దాన్ని సెకనుకు మీటర్లలో ఉన్న శబ్దవేగంతోనూ 955తోనూ గుణించి, 2.1తో భాగిస్తే, ఆ రన్నర్ ఏ ఆర్‌పీఎంకు కుదురుతుందో తెలుస్తుంది. ఈ 2.1 అనుభవంతో తేలిన గుణకం, ఇంజిన్‌ను బట్టి 2 నుంచి 2.5 వరకు ఉంటుంది. లోపలి వ్యాసం 42 మి.మీ. ఉన్న గొట్టానికి 7500 ఆర్‌పీఎం కావాలంటే, వాల్వు నుంచి ప్లీనం వరకు మొత్తం పొడవు 27.7 సెం.మీ. రావాలి.

రెండు లెక్కలూ ఒకే అంకె ఇవ్వకపోవడం చూసి కంగారుపడకండి. మొదటి లెక్క గొట్టం వ్యాసాన్ని అసలు పట్టించుకోదు, రెండవది తరంగం ప్రయాణకాలాన్ని పట్టించుకోదు. నిజమైన ఇంజిన్‌లో రెండు ప్రభావాలూ కలిసే ఉంటాయి. ఈ రెండు అంకెలూ పరీక్షించవలసిన మేరకు అంచులు అనుకోండి: 27.7 నుంచి 34.5 సెం.మీ. వరకు.

ఇంకొక లెక్క కూడా వేసి ఉంచుకుంటే డైనో వంపులు చదవడం తేలికవుతుంది. వాల్వు మూసుకున్న తర్వాత రన్నర్‌లో మిగిలిన తరంగం, ఒక కొస మూసి మరొక కొస తెరిచి ఉన్న గొట్టంలో లాగా ఊగుతూనే ఉంటుంది. ఒక్కో ఊపుకు పట్టే కాలం పొడవుకు నాలుగు రెట్లను శబ్దవేగంతో భాగించినంత, 27.7 సెం.మీ.కు దాదాపు 3.2 మిల్లీసెకన్లు. వాల్వు తెరిచి ఉండే వ్యవధి 255 డిగ్రీలైతే మూసి ఉండేది 465 డిగ్రీలు. మూసుకునే వేళ వాల్వు వద్ద పీడనం ఎక్కువగా ఉందనుకుంటే, ఈ వ్యవధిలో మూడు పూర్తి ఊపులు పట్టే ఆర్‌పీఎం దగ్గర, అంటే సుమారు 8000 వద్ద, వాల్వు మళ్లీ తెరుచుకునేటప్పుడు కూడా అధికపీడనమే ఎదురవుతుంది. మూడున్నర ఊపులు పట్టే 6900 దగ్గర అల్పపీడనం ఎదురవుతుంది. టార్క్ వంపులో ఒక చోట చిన్న గుంట, దాని పక్కనే చిన్న మిట్ట కనబడితే తరచుగా మూలం ఇదే. కనుక గుంట కనబడగానే ఇగ్నిషన్ టైమింగ్ మార్చడం మొదలుపెట్టకండి. పొడవు మార్చినప్పుడు ఆ గుంట కూడా జరుగుతుందో లేదో మొదట చూడండి.

వ్యాసాన్ని ముందే ఖాయం చేయండి

పొడవును వ్యాసం నుంచి విడదీసి ఆలోచించలేము. హెల్మ్‌హోల్ట్జ్ లెక్కలో వ్యాసాన్ని 42 నుంచి 38 మి.మీ.కు తగ్గిస్తే, అదే 7500 ఆర్‌పీఎంకు పొడవు 27.7 నుంచి 22.7 సెం.మీ.కు పడిపోతుంది. అందుచేత వ్యాసాన్ని ముందు నిర్ణయించి, ఆ తర్వాత దాన్ని కదపకుండా పొడవును వెతకాలి.

వ్యాసాన్ని పరీక్షించడానికి గాలి సగటు వేగం చూడండి. 7500 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 15 మీటర్లు. బోర్ వైశాల్యాన్ని రన్నర్ వైశాల్యంతో భాగించి దీనితో గుణిస్తే, 42 మి.మీ. గొట్టంలో సెకనుకు 67 మీటర్లు, 38 మి.మీ.లో 82 మీటర్లు వస్తాయి. సన్నని గొట్టంలో గాలి వేగం పెరిగి, దాని జడత్వం కింది ఆర్‌పీఎంలలో సహాయపడుతుంది గాని పైకి వెళ్లేకొద్దీ ఘర్షణ నష్టం పెరుగుతుంది. పోర్టు నోటి వ్యాసంతో మొదలుపెట్టి, ప్లీనం వైపు అతి స్వల్పంగా, ఒకటి రెండు డిగ్రీలకు మించకుండా వెడల్పు చేయడం మంచి పద్ధతి. రన్నర్, పోర్టు కలిసే చోట మెట్టు ఉండకూడదు. గ్యాస్కెట్ అంచు లోపలికి పొడుచుకు వస్తే అక్కడే ప్రవాహం చెదురుతుంది.

రిస్ట్రిక్టర్, ప్లీనం సంగతి తేల్చండి

పెట్రోలు కార్లకు నిబంధన ప్రకారం గాలి అంతా 20 మి.మీ. వ్యాసమున్న ఒకే రంధ్రం గుండా రావాలి, దీన్నే రిస్ట్రిక్టర్ అంటారు. టర్బో లేని కారులో వరుస ముందు థ్రాటిల్, తర్వాత రిస్ట్రిక్టర్, ఆపైన ఇంజిన్. ఈ వరుస మనకు ఒక మేలు చేస్తుంది: రన్నర్‌లో థ్రాటిల్ బిళ్ల (బటర్‌ఫ్లై) ఉండదు కాబట్టి తరంగానికి మధ్యలో అడ్డు లేదు.

సముద్రమట్టం వద్ద, 27 డిగ్రీల గాలితో, 20 మి.మీ. రంధ్రం గుండా ఎంత లాగినా సెకనుకు సుమారు 74 గ్రాములకు మించి గాలి రాదు, అక్కడ ప్రవాహం శబ్దవేగాన్ని అందుకుంటుంది. మన ఇంజిన్ 9000 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా నిండినా సగటున సెకనుకు 33 గ్రాములే కావాలి. దీన్ని చూసి రిస్ట్రిక్టర్ సింగిల్ సిలిండర్‌ను ఇబ్బంది పెట్టదని చాలామంది అనుకుంటారు. కాని ఆ గాలంతా 720 డిగ్రీలలో 255 డిగ్రీలలోనే లోపలికి పోవాలి. ఆ కాసేపటి అవసరం సెకనుకు 90 గ్రాములు దాటుతుంది. మధ్యలో నిల్వ ఉంచే గది లేకపోతే ప్రతి సక్షన్ స్ట్రోక్‌లోనూ రిస్ట్రిక్టర్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ప్లీనం చేసే పని ఇదే: వాల్వు మూసి ఉన్న కాలంలో నిండి, తెరుచుకున్నప్పుడు ఇస్తుంది. అందుకే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌తో పోలిస్తే, సామర్థ్యంతో చూసినప్పుడు సింగిల్‌కు పెద్ద ప్లీనం కావాలి. రెండు నుంచి నాలుగు లీటర్ల మధ్య మొదలుపెట్టవచ్చు. మరీ పెద్దదైతే థ్రాటిల్ తొక్కిన తర్వాత ఇంజిన్ స్పందించడానికి ఆలస్యమవుతుంది, డ్రైవర్ దాన్ని వెంటనే పసిగడతాడు.

రన్నర్ కొస ప్లీనంలోకి బెల్‌మౌత్‌తో, అంటే గంట అంచులా విచ్చుకున్న నోటితో, తెరుచుకోవాలి, దాని ఎదురుగా గోడ కనీసం ఒక రన్నర్ వ్యాసమంత దూరంలో ఉండాలి. గోడ మరీ దగ్గరైతే తరంగానికి తెరిచిన కొస దొరకదు, మీ పొడవు లెక్క తప్పుతుంది. ప్లీనం పరిమాణం ఇక్కడే ఖరారు చేయండి. తర్వాత పొడవు పరీక్షిస్తున్నప్పుడు దాన్ని మార్చవద్దు.

పొడవు మార్చగలిగే పరీక్ష రన్నర్ చేయండి

లెక్కలో వచ్చినది వాల్వు నుంచి ఉన్న ప్రభావవంతమైన పొడవు. అందులోంచి పోర్టు పొడవు తీసివేయాలి. తెరిచిన కొస దగ్గర తరంగం గొట్టం బయటికి కొంత దూరం పోయి తిరుగుతుంది కాబట్టి ఆ సవరణ కూడా తీసివేయాలి. ఇది అంచు లేని గొట్టానికి వ్యాసార్ధంలో 0.6 వంతు, గోడలో అమర్చిన గొట్టానికి 0.85 వంతు. 42 మి.మీ. గొట్టానికి దాదాపు 15 మి.మీ. అనుకోండి. మీ పోర్టు 85 మి.మీ. వచ్చిందనుకుంటే, బయట కావలసిన గొట్టం 177 మి.మీ. నుంచి 245 మి.మీ. వరకు అవుతుంది. అందుకని 150, 175, 200, 225, 250 మి.మీ. పొడవులు పరీక్షించగలిగేలా కట్టండి.

తేలికైన మార్గం ఇది. ఇంజెక్టర్ ఉండే చిన్న స్థిర భాగాన్ని హెడ్‌కు బిగించండి. అక్కడినుంచి అల్యూమినియం గొట్టం, దానికి 25 మి.మీ. మందమున్న రింగులు లేత్ మీద తిప్పించి, ఓ-రింగ్ గాడితో ఒకదానిలో ఒకటి కూర్చునేలా చేయించండి. చివర బెల్‌మౌత్. ప్రతి పొడవుకూ ఇంజెక్టర్ వాల్వు నుంచి ఒకే దూరంలో ఉండడం తప్పనిసరి, లేకపోతే మీరు పోల్చేది పొడవును కాదు, ఇంధనం ఆవిరయ్యే తీరును. రన్నర్‌కు వంపు అవసరమైతే పొడవును మధ్యరేఖ మీదే కొలవండి. వంపు వ్యాసార్ధం గొట్టం వ్యాసానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకపోతే తరంగానికి పెద్ద నష్టం లేదు.

త్రీడీ ప్రింటింగ్‌తో చేయాలనుకుంటే పీఎల్‌ఏ వాడకండి. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఇంజిన్ పక్కన ఆ వేడి మామూలే. అసలు భాగానికి లేజర్‌తో చేసే నైలాన్ ప్రింటు నమ్మకమైనది, అయితే లోపలి గోడ కాస్త గరుకుగా, సూక్ష్మరంధ్రాలతో ఉంటుంది కాబట్టి పెట్రోలుకు తట్టుకునే పూత వేయించాలి. ప్లీనంలో బ్యాక్‌ఫైర్ వస్తే ప్లాస్టిక్ పగిలి ముక్కలు ఎగరవచ్చు. పరీక్షించేటప్పుడు ఎవరూ దాని వరుసలో నిలబడకూడదు, మంటలార్పే సిలిండర్ చేతికి అందే దూరంలో ఉండాలి.

డైనో మీద పరీక్ష

ఈ పని మొత్తంలో ఓపిక అవసరమైన చోటు ఇదే, నిజమైన జవాబు దొరికేదీ ఇక్కడే. పొడవు మార్చినప్పుడు ప్రతి ఆర్‌పీఎం దగ్గర సిలిండర్‌లోకి చేరే గాలి మారుతుంది. పాత ఇంధన మ్యాపుతోనే (ఎప్పుడు ఎంత ఇంధనం పంపాలో ఈసీయూకు చెప్పే పట్టికతోనే) తర్వాతి రన్ తీస్తే, కొత్తగా బాగా నిండిన చోట మిశ్రమం పలుచబడి టార్క్ పెరగవలసినంత పెరగదు. నింపు తగ్గిన చోట మిశ్రమం చిక్కబడుతుంది. అప్పుడు మంచి పొడవు చెడ్డదిగా కనబడుతుంది. అందుచేత ప్రతి పొడవుకూ ల్యాంబ్డాను (మిశ్రమం ఎంత పలుచనో చిక్కనో చెప్పే అంకెను) ఒకే విలువకు, పూర్తి థ్రాటిల్ దగ్గర 0.88 ప్రాంతానికి, సరిచేసిన తర్వాతే టార్క్ రాసుకోండి. ఇగ్నిషన్‌ను కూడా ముఖ్యమైన ఆర్‌పీఎంల దగ్గర రెండు డిగ్రీలు ముందుకూ వెనక్కూ జరిపి చూడండి. ఎక్కువ గాలి నిండిన చోట ఎక్కువ అడ్వాన్స్ (స్పార్క్‌ను ముందుకు జరపడం) నాకింగ్ తెస్తుంది, అంటే మిశ్రమం అదుపు తప్పి పేలుతుంది.

ఆయిల్ ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత, ఫ్యాన్ ఉన్న చోటు, ఎగ్జాస్ట్ అన్నీ ఒకేలా ఉంచండి. ఎగ్జాస్ట్ గొట్టం పొడవుకు కూడా తనదైన తరంగం ఉంది, అది కూడా టార్క్ వంపులో మిట్టపల్లాలు తెస్తుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే రోజు మార్చితే ఏది ఏమి చేసిందో చెప్పలేరు. ప్రతి పొడవుకూ మూడు రన్లు తీసి, వాటిలో ఒకదానికొకటి ఎంత తేడా వస్తోందో చూడండి. ఆ తేడాకన్నా చిన్నదైన లాభాన్ని లాభంగా లెక్కించకండి. చివర మళ్లీ మొదటి పొడవును అమర్చి ఒకసారి తీయండి. మొదటి వంపు తిరిగి రాకపోతే ఆ రోజు పరిస్థితులు మారాయని అర్థం, పోలికలను నమ్మలేము.

వేగంగా స్పందించే పీడన సెన్సర్ దొరికితే, హెడ్ ముఖానికి దగ్గరగా రన్నర్ గోడలో అమర్చి, క్రాంక్ కోణంతో కలిపి రికార్డు చేయండి. వాల్వు మూసుకునే ముందు 40 డిగ్రీలలో పీడన శిఖరం ఎక్కడ పడుతోందో కళ్లతోనే చూడవచ్చు. శిఖరం మూసుకున్న తర్వాత వస్తుంటే గొట్టాన్ని తగ్గించాలి, చాలా ముందుగా వస్తుంటే పెంచాలి. ఇది ఉంటే ఐదు పొడవులకు బదులు రెండు మూడుతోనే పని తేలుతుంది. ఈసీయూ సొంత మ్యాప్ సెన్సర్‌ను (ఇన్‌టేక్ పీడనం కొలిచేది, ఇంధన మ్యాపుతో సంబంధం లేని పేరు) దీనికి వాడకండి, సన్నని గొట్టం గుండా వచ్చే పీడనం ఆలస్యంగా, మెత్తబడి చేరుతుంది.

డైనో అందుబాటులో లేకపోతే మూసిన ట్రాకు మీద, ఒకే గేరులో, 5000 నుంచి 9500 ఆర్‌పీఎం వరకు పూర్తి థ్రాటిల్‌తో లాగించి, ఆర్‌పీఎం పెరిగే వేగాన్ని లాగ్ చేయండి. గాలి, వాలు ప్రభావం పోవడానికి రెండు దిక్కులలోనూ నడపండి. టార్క్ అంకె తెలియకపోయినా ఏ పొడవు ఎక్కడ మేలో తెలుస్తుంది. బహిరంగ రోడ్డు మీద మాత్రం ఈ పని చేయవద్దు.

పొడవు ఎంచుకోవడం

ఇప్పుడు మొదట తయారుచేసిన సెకన్ల పట్టికను తీయండి. ప్రతి 500 ఆర్‌పీఎం విభాగంలోనూ ఒక్కో పొడవు ఇచ్చిన సగటు టార్క్‌ను అక్కడ కారు గడిపిన సెకన్లతో గుణించి, అన్నీ కూడండి. ఎక్కువ మొత్తం వచ్చిన పొడవు మీది. రెండు పొడవుల మధ్య తేడా చాలా తక్కువైతే, టార్క్ వంపు చదునుగా ఉన్నదాన్ని తీసుకోండి. మలుపు మధ్యలో థ్రాటిల్ తెరిచేటప్పుడు టార్క్ ఒక్కసారిగా ఎగసే కారును అదుపు చేయడం కష్టం, విద్యార్థి డ్రైవర్‌కు మరీ కష్టం. గుంట ఒకటి మీ గేరు మార్పు తర్వాత ఇంజిన్ పడే ఆర్‌పీఎం మీదే పడితే, మొత్తం ఎంత బాగున్నా ఆ పొడవును వదిలేయండి, లేదా వెనుక స్ప్రాకెట్ పళ్లను ఒకటి రెండు మార్చి గుంటను తప్పించండి. స్ప్రాకెట్ మార్చడం కొత్త రన్నర్ చేయించడం కన్నా చవక.

తుది భాగం అమర్చడం

ఎంచుకున్న పొడవుతో ఒకే ముక్కగా రన్నర్ చేయించి, ప్లీనం బరువును రన్నర్ మోయకుండా చాసిస్‌కు వేరే ఆధారం ఇవ్వండి. సింగిల్ సిలిండర్ కంపనం రబ్బరు కనెక్టర్లను సడలిస్తుంది. క్లాంపులకు రంగు గీత పెట్టుకుంటే జరిగినది చూడగానే తెలుస్తుంది. సిలికాన్ హోస్‌తో కలిపిన చోట లోపల గొట్టం కొసల మధ్య ఖాళీ ఉంటే అది కూడా పొడవులో భాగమేనని మరవకండి, పరీక్షలో ఎంత ఉందో తుది భాగంలోనూ అంతే ఉండాలి.

తర్వాత లీకు పరీక్ష. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా గాలి లోపలికి వచ్చే నోటిని గట్టిగా మూయండి, ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకపోతే రిస్ట్రిక్టర్ దాటిన తర్వాత ఎక్కడో గాలి దూరుతోంది. అది నిబంధనకు విరుద్ధం, పైగా మీ ఇంధన మ్యాపు కూడా అబద్ధమే అవుతుంది. ఇంజిన్ ఆపి, ఇన్‌టేక్‌లోకి స్వల్ప పీడనంతో గాలి పంపి, అతుకుల మీద సబ్బునీళ్లు రాస్తే చోటు దొరుకుతుంది.

చివరిగా పోటీ స్థలానికి మ్యాపును సరిచేయండి. కోయంబత్తూరు సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తులో ఉంది. మచిలీపట్నం లేదా కాకినాడలో మ్యాపు చేసిన జట్టుకు అక్కడ గాలి పీడనం నాలుగైదు శాతం తక్కువగా ఎదురవుతుంది. ఈసీయూలో బారోమీటర్ సవరణ పనిచేస్తోందో లేదో ముందుగానే చూసుకుని, వెళ్లిన రోజే ప్రాక్టీసులో ల్యాంబ్డా లాగ్ తీయండి. ఎత్తు వల్ల రన్నర్ పొడవు మారనక్కరలేదు, శబ్దవేగానికి ఉష్ణోగ్రతతోనే సంబంధం, పీడనంతో లేదు. తుది రన్నర్ మీద దాని పొడవు, వ్యాసం, దానితో వాడవలసిన మ్యాపు ఫైలు పేరు చెరగని సిరాతో రాసి ఉంచండి. విడి రన్నర్ ఉంటే దాని మీదా అలాగే రాయండి, ఎందుకంటే తొందరలో ఒక పొడవుకు మరొక పొడవు మ్యాపు ఎక్కితే బాగా నిండిన చోట మిశ్రమం పలుచబడి, ఎండ్యూరెన్స్ సగంలోనే పిస్టన్ కాలిపోయే ప్రమాదం ఉంది.